మంత్రానికీ ఓ లెక్కుండాలి!

భస్మాసురుడి కథ తెలియని ఇల్లు ఉండదు. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదైపోవాలని వరమడిగాడు. బోళాశంకరుడు సరేనన్నాడు. తీరా చూస్తే, మొదట పరుగెత్తాల్సి వచ్చింది వరమిచ్చిన ఆయనే! చివరికి మోహిని వచ్చి, నాట్యం చేయించి, వాడి చెయ్యి వాడి నెత్తినే పెట్టిస్తేగానీ గండం గట్టెక్కలేదు.

ఆ వరాన్ని కాస్త నిదానంగా చూడండి. రోజుకెన్నిసార్లు వాడాలో లెక్క లేదు. వాడినందుకు పోయేదేమీ లేదు. ఎవరి మీద పనిచెయ్యదో చెప్పలేదు. అదే కర్ణుడి చేతిలోని శక్తి ఆయుధమైతే? కవచకుండలాలు కోసిస్తేగానీ ఇంద్రుడు ఇవ్వలేదు. ఇచ్చినా ఒక్కసారికే. ఘటోత్కచుడి మీద ప్రయోగించాక అర్జునుడి కోసం మిగల్లేదు. మొదటిది లెక్కలేని వరం. రెండోది లెక్కున్న వరం. కథ రక్తికట్టింది మాత్రం రెండోదానితోనే.

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? ఇదే లెక్క కోసం ప్రపంచంలో చాలామంది యాభై ఏళ్లుగా తలలు పట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్లు మునులూ కాదు, మాంత్రికులూ కాదు. టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేసుకునే ఆటగాళ్లు!

బోర్డు లేని ఆట

'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ చూసినవాళ్లకి మొదటి ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. ఇంటి కింద గదిలో నలుగురు పిల్లలు. ఒకడు కథ చెబుతుంటాడు. రాక్షసుడు ఎదురొస్తాడు. 'నిప్పుబంతి వెయ్' అంటాడొకడు. 'వద్దు, రక్షణ మంత్రం చదువు' అంటాడు ఇంకొకడు. నిప్పుబంతి తగలాలంటే పాచిక మీద 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. ఇరవై ముఖాల పాచిక కదా! అంటే నూటికి నలభై వంతులే అవకాశం. పిల్లాడు ధైర్యం చేసి వేశాడు. పడింది ఏడు.

వాళ్లాడిన ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. మన అష్టాచమ్మాకీ, వైకుంఠపాళికీ ఉన్నట్టు దీనికి గళ్లు ఉండి తీరాలన్న నియమం లేదు. గెలుపోటములూ లేవు. ఒకరు సూత్రధారి. ఊరు, అడవి, కోట, అందులోని రాక్షసులు అన్నీ ఆయన నోటిమాటే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తి వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఒకరు వైద్యుడు. 'నువ్వేం చేస్తావ్?' అని సూత్రధారి అడుగుతాడు. చెప్పింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది.

ఈ ఆటని అచ్చువేసింది 1974లో. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయాక, ఇంట్లోనే బూట్లు బాగుచేసుకుంటూ ఆటల పుస్తకాలు రాసుకునేవాడు. డేవ్ ఆర్నెసన్ అనే మరో ఆటగాడి ఆలోచన దానికి తోడైంది. మూడు చిన్న పుస్తకాలు, ఒక పెట్టె, పది డాలర్ల ధర. మొదట వేసినవి వెయ్యి. 2024లో ఆ ఆటకి యాభై ఏళ్లు నిండాయి. ఇప్పటికీ నడుస్తోంది. అదే ఏడాది నియమాల పుస్తకాన్ని మళ్లీ సవరించారు కూడా.

ఆ సవరణల్లో ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఎవరో తెలుసా? మాంత్రికుడే!

రాళ్లు విసిరే యంత్రమే మంత్రమైంది

గైగాక్స్ అంతకుముందు 1971లో 'చెయిన్‌మెయిల్' అనే యుద్ధాల ఆటకి నియమాలు రాశాడు. బొమ్మ సైనికుల్ని టేబుల్ మీద నిలబెట్టి ఆడతారు. దాని చివర్లో సరదాకి మాంత్రికుల్నీ, డ్రాగన్లనీ చేర్చారు. మాంత్రికుడు నిప్పుబంతి విసిరితే ఎంత మేర దెబ్బతినాలి? కొత్తగా ఆలోచించలేదు. కోటల మీదికి రాళ్లు విసిరే పెద్ద యంత్రం ఎంత మేర కొడుతుందో అంతే అని రాసేశారు. అంటే మాంత్రికుడు పుట్టిందే ఫిరంగిలాగా! సైన్యాల మధ్య ఒక ఫిరంగి ఉంటే ఇబ్బందేం లేదు. కానీ నలుగురు స్నేహితులు నడిచి వెళుతుంటే అందులో ఒకడు ఫిరంగి, మిగతా ముగ్గురూ మనుషులు అయితే?

అందుకే కొత్త ఆటలో దానికి పగ్గం వెయ్యాల్సి వచ్చింది. ఆ పగ్గం దొరికింది జాక్ వాన్స్ అనే రచయిత దగ్గర. 1950లో వచ్చిన ఆయన పుస్తకం 'ది డయింగ్ ఎర్త్'లో మాంత్రికులు మంత్రాన్ని కష్టపడి బట్టీపడతారు. బుర్రలో పట్టేవి కొన్నే. ఒకసారి పలికితే అది మనసులోంచి చెరిగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ చదువుకోవాల్సిందే. పరీక్ష రాసి బయటికొచ్చాక చదివిందంతా మర్చిపోయే పిల్లల్లాగే! ఆ పద్ధతినే గైగాక్స్ ఆటలోకి తెచ్చాడు. ఈ ఆటలోని 'వెక్నా' అనే మాంత్రికుడి పేరు కూడా వాన్స్ పేరులోని ఇంగ్లీషు అక్షరాల్ని అటూ ఇటూ మార్చి పెట్టిందే.

ఒకరు కూడికలో, ఒకరు గుణింతంలో

పగ్గం వేశారు సరే. ఆగిందా? 1978 నాటి ఆటగాళ్ల పుస్తకం తీసి లెక్క చూద్దాం.

మొదటి స్థాయిలో మాంత్రికుడి పరిస్థితి దయనీయం. రోజుకి ఒకే ఒక్క మంత్రం. ఒంట్లో ప్రాణం నాలుగు ముఖాల పాచిక మీద ఎంత పడితే అంత. పిల్లి గీకినా పోయేలా ఉంటాడు. అతన్ని కాపాడేది కత్తి వీరుడే. కానీ ఐదో స్థాయికి వచ్చేసరికి నిప్పుబంతి చేతికొస్తుంది. ఆ స్థాయి మంత్రం రోజుకొక్కటి. దెబ్బ ఐదు పాచికలు. ఆరు ముఖాల పాచికకి సగటు మూడున్నర కాబట్టి మొత్తం 17న్నర. అదే మాంత్రికుడు పదో స్థాయికి చేరితే? అలాంటి మంత్రాలు రోజుకి మూడు. ఒక్కోదానికి పది పాచికలు. అంటే 35 చొప్పున మూడుసార్లు, 105. స్థాయి రెండింతలైతే నిప్పు ఆరింతలైంది! ఎందుకంటే మంత్రాల సంఖ్యా పెరిగింది, ఒక్కో మంత్రం బలమూ పెరిగింది. రెండూ ఒకదాన్నొకటి గుణించుకున్నాయి. కత్తి వీరుడు మాత్రం కూడికలోనే ఉండిపోయాడు.

గైగాక్స్‌కి ఈ సంగతి తెలియక కాదు. మొదట బలహీనం, చివర బలవంతం, మొత్తంమీద సరిపోతుందన్నది లెక్క. ఏళ్ల తరబడి ఆడేవాళ్లకి అది బాగానే ఉంటుంది. కానీ వేసవి సెలవుల్లో మొదలై బడి తెరిచేసరికి ఆగిపోయే ఆటకి? ఎప్పుడో పదేళ్ల తర్వాత సరిపోయే లెక్క ఈ రాత్రి టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి ఏం ఊరట?

యాభై ఏళ్ల సర్దుబాట్లు

తర్వాత వచ్చినవాళ్లు తలా ఒక దారి పట్టారు. 1987లో 'ఆర్స్ మాజికా' అనే మరో ఆట వచ్చింది. సృష్టించు, గ్రహించు, మార్చు, నాశనం చెయ్, అదుపు చెయ్ అని ఐదు క్రియలు. నిప్పు, నీరు, మనసు, శరీరం లాంటి పది విషయాలు. ఒక క్రియకి ఒక విషయం జోడిస్తే అదే మంత్రం. ఐదుని పదితో హెచ్చిస్తే యాభై దారులు. మరి బలాబలాల సంగతి? మాంత్రికులే గొప్పవాళ్లని ఆ ఆట దాచకుండా ఒప్పేసుకుంది. బదులుగా ఆటగాళ్లు పాత్రలు మార్చుకుంటూ ఉండాలంది. ఈ వారం నువ్వు మాంత్రికుడివి, వచ్చేవారం నేను. ఊయల దగ్గర పిల్లలకి పెద్దవాళ్లు చెప్పే తీర్పు ఇదే కదా!

దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన జోనథన్ ట్వీటే తర్వాత 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పుకీ పనిచేశారు. అందులోనూ మాంత్రికుల జోరు తగ్గలేదు. దాంతో 2008లో వచ్చిన నాలుగో కూర్పు గట్టి నిర్ణయం తీసుకుంది. అందరికీ ఒకేరకం కొలత. ఎప్పుడైనా వాడేవి కొన్ని, పోరాటానికి ఒకసారి వాడేవి కొన్ని, రోజుకొకసారి వాడేవి కొన్ని. కత్తి వీరుడికీ అంతే, మాంత్రికుడికీ అంతే. లెక్క సరిపోయింది. కానీ 'కత్తి పట్టినా, మంత్రం చదివినా ఒకేలా ఉంది' అని చాలామంది పెదవి విరిచారు. సమానం చెయ్యడం వేరు, ఒకేలా చెయ్యడం వేరు అని అప్పుడు తెలిసొచ్చింది.

2014లో వచ్చిన ఐదో కూర్పు మధ్యేమార్గం వెతికింది. చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా చదవొచ్చు. పెద్దవాటికి లెక్కుంది. సాగే మంత్రాల్లో చాలావాటికి ఏకాగ్రత కావాలి. అలాంటివి రెండు ఒకేసారి నడవవు. మధ్యలో దెబ్బ తగిలితే పాచిక వేసి నిలబెట్టుకోవాలి. లేదంటే మంత్రం చెదిరిపోతుంది.

తాళం తీసే మంత్రం కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఒక్క మంత్రంతో తాళం ఊడిపోతుంటే ఇక దొంగ పాత్రధారి ఎందుకు? ఐదో కూర్పు చిన్న మెలిక పెట్టింది. మంత్రంతో తాళం తీస్తే పెద్ద చప్పుడవుతుంది. 300 అడుగుల దూరం దాకా వినిపిస్తుంది. మాంత్రికుడు తీస్తే కోటంతా లేస్తుంది. దొంగ తీస్తే చీమ కూడా లేవదు. మంత్రాన్ని తీసెయ్యలేదు, బలం తగ్గించలేదు. దొంగ బతుకుతెరువు మాత్రం దొంగకి మిగిల్చింది.

ఇంట్లో వండిన మంత్రం

ఇవన్నీ కంపెనీవాళ్ల పాట్లు. కానీ ఈ ఆటలో ఎవరి ఇంట్లో వాళ్లు సొంత నియమాలు రాసుకోవచ్చు. దాన్ని 'హోమ్‌బ్రూ' అంటారు. బజారు పొడి కాకుండా ఇంట్లో దంచుకున్న కారంపొడి లాంటిది. రుచి మనది. కానీ ఘాటు ఎక్కువైతే తిట్లు తినాల్సిందీ మనమే!

ఉదాహరణకి ఒక ఇల్లు అనుకుందాం. ఇంటర్ చదివే అన్నయ్య సూత్రధారి. చెల్లెలు మాంత్రికురాలు. పిన్ని కొడుకు, ఏడో తరగతి తమ్ముడు కత్తి వీరుడు. పక్కింటి అక్కాతమ్ముళ్లలో అక్క వైద్యురాలు, తమ్ముడు దొంగ. అన్నయ్య సొంతంగా ఒక మంత్ర పద్ధతి రాశాడు. మాంత్రికురాలికి రోజుకి 20 శక్తి పాయింట్లు. 'అగ్నివర్షం' మంత్రానికి 4 పాయింట్లు. గదిలో ఉన్న శత్రువులందరికీ ఆరు పాచికల దెబ్బ.

మొదటి ఆదివారం చప్పట్లు. రెండో ఆదివారం కేరింతలు. మూడో ఆదివారం తమ్ముడి వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎవరూ మిగల్లేదు. 'అన్నయ్యా, నీళ్లు తాగొస్తా' అని లేచాడు. మళ్లీ రాలేదు. వెళ్లి చూస్తే టీవీ ముందున్నాడు.

'వాడికి ఆట రాదులే' అనుకున్నాడు అన్నయ్య. మామూలుగా ఎవరైనా మొదట అనుకునేది అదే. తర్వాత జాలేసి వాడికో పెద్ద కత్తి ఇచ్చాడు. కత్తి పెద్దదయ్యేసరికి రాక్షసుల్నీ పెంచాల్సి వచ్చింది. రాక్షసులు పెరిగేసరికి దొంగ, వైద్యురాలు ఒక్క దెబ్బకే పడిపోసాగారు. ఒక చిల్లు పూడిస్తే మూడు చిల్లులు!

అప్పుడు కాగితం తీశాడు. తమ్ముడి కత్తికి ఎనిమిది ముఖాల పాచిక, దానికి మూడు కలపాలి. సగటున ఏడున్నర. ఇరవై ముఖాల పాచిక మీద 8 గానీ పైన గానీ పడితే తగులుతుంది. అంటే ఇరవైలో 13 సార్లు. తప్పిపోయేవి తీసేస్తే ఒక్కో వంతుకి దాదాపు 4.9. మరి అగ్నివర్షం? ఆరు పాచికల సగటు 21. శత్రువుల్లో సగంమంది పక్కకి తప్పుకుని సగం దెబ్బతో బయటపడతారనుకున్నా ఒక్కొక్కరికి 15.75. గదిలో నలుగురుంటే 63. ఒక వంతులో చెల్లెలు 63, తమ్ముడు 4.9. పదమూడింతలు! పిల్లాడు టీవీ ముందు కూర్చున్నాడంటే తప్పు పిల్లాడిదా?

ఇంకో సంగతీ బయటపడింది. రోజంతా ఆరు పోరాటాలు, ఒక్కోటి నాలుగు వంతులు అనుకుంటే మొత్తం 24 వంతులు. అన్నింటిలో కత్తి దెబ్బ కలిపితే 117. అగ్నివర్షం ఐదుసార్లే కాబట్టి ఒకే శత్రువు ఎదురైన చోట వాడితే 79 దాటదు. అప్పుడు తమ్ముడిదే పైచేయి. కానీ రోజుకి ఒకే పోరాటం పెడితే? చెల్లెలు నాలుగు వంతుల్లో 252 కొట్టేసి, 'అలసిపోయాను, పడుకుందాం' అంటుంది. పొద్దున్నే శక్తి మళ్లీ నిండుతుంది. అంటే బలం మంత్రంలోనే లేదు, నిద్రలోనూ ఉంది! 2014 నాటి సూత్రధారి పుస్తకం రోజుకి ఆరు నుంచి ఎనిమిది మామూలు పోరాటాలు తట్టుకోగలరని అంచనా వేసింది అందుకే. ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆడే ఇంట్లో అన్ని ఎక్కడ కుదురుతాయి?

మూల్యం ఎప్పుడు చెల్లించాలి?

మంత్రానికి వెల పెట్టాలన్నది అందరికీ తడుతుంది. ఎలాంటి వెల అన్నదే చిక్కు.

1978 పుస్తకంలో మనిషి వేగాన్ని పెంచే 'హేస్ట్' అనే మంత్రం ఉంది. దాని ప్రభావం పడ్డవాళ్ల వయసు ఒక ఏడాది పెరుగుతుంది. వినడానికి భయంకరమే. కానీ పాత్ర వయసు ఇరవై, ఆట నడిచేది రెండు నెలలు. ఇరవై ఒకటైతే ఏం, ఇరవై రెండైతే ఏం? కాగితం మీద తప్ప ఎవరికీ నొప్పి తెలియదు. 2014లో దాని వెల మార్చారు. వయసు పెరగదు. మంత్రం ఆగిపోగానే మాత్రం ఒక వంతు పాటు కదలకుండా నిలబడిపోవాలి. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు ఆ ఒక్క వంతు చాలు, చెమటలు పట్టడానికి! రేపెప్పుడో కట్టే అప్పు కాదు, ఇప్పుడే చేతిలోంచి పోయే డబ్బు. అసలైన వెల అదీ.

కొందరు ప్రమాదాన్ని వెలగా పెడతారు. 'ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే మంత్రం ఎదురుతిరుగుతుంది' అని. నూటికి ఐదే కదా అనిపిస్తుంది. కానీ ఒక సాయంత్రం ఇరవైసార్లు మంత్రం చదివితే, కనీసం ఒక్కసారైనా ఎదురుతిరిగే అవకాశం నూటికి 64. దాదాపు ప్రతివారం ఎవరో ఒకరి గడ్డం కాలాల్సిందే. అదే మూడు ఆరు ముఖాల పాచికలు వేసి, మూడింటి మీదా ఒకటి పడితేనే ప్రమాదం అంటే? ఒక్కోసారికి 216లో ఒక వంతు. ఇరవైసార్లకీ కలిపి నూటికి తొమ్మిది. ఎప్పుడో ఓసారి జరిగి, ఏళ్లపాటు చెప్పుకునే కథవుతుంది. పాచిక మారితే ఆట స్వభావమే మారిపోతుంది.

తలుపు దగ్గర తమ్ముడు

మళ్లీ మన ఇంటికొద్దాం. లెక్క తేలింది. ఇప్పుడు అసలు కష్టం. చెల్లెలికి చెప్పాలి.

'మొన్న నువ్వే ఇచ్చావు. ఇప్పుడు నువ్వే లాక్కుంటావా అన్నయ్యా?' అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాటలో న్యాయముంది. తను మోసం చెయ్యలేదు. ఇచ్చిన నియమాల్ని తెలివిగా వాడుకుంది, అంతే. చెప్పాపెట్టకుండా మంత్రాన్ని కోసేస్తే రేపటినుంచి సూత్రధారి మాట ఎవరు నమ్ముతారు?

అన్నయ్య తీర్పు చెప్పకుండా కాగితం ఆమె ముందు పెట్టాడు. 63, 4.9. ఆ రెండు అంకెల్ని చూసి కాసేపు మాట్లాడలేదు. 'అందుకా వాడు టీవీ దగ్గరికెళ్లింది?' అంది చివరికి. ఆ తర్వాత నియమాలు రాసింది ఆమే. అగ్నివర్షానికి 7 పాయింట్లు, అంటే రోజుకి రెండుసార్లే. పాచికలు ఆరు కాదు, నాలుగు. ఒక వంతులో చదవడం మొదలుపెడితే రెండో వంతులో నిప్పు కురుస్తుంది. మధ్యలో దెబ్బ తగిలితే ఇరవై ముఖాల పాచిక మీద 10 గానీ పైన గానీ పడాలి, లేకపోతే మంత్రం పోయినట్టే. 'మరి మిగతా వంతులన్నీ ఖాళీగా కూర్చోనా?' అని అడిగింది. అదీ న్యాయమే. పాయింట్లు అక్కర్లేని చిన్న నిప్పురవ్వ ఒకటి ఇచ్చారు. తగిలితే ఒక్క పాచిక దెబ్బ.

మళ్లీ కూడారు. నలుగురేసి ఉన్న చోట రెండు అగ్నివర్షాలకి 84. వాటికి పోయే నాలుగు వంతులు తీసేస్తే మిగిలిన ఇరవై వంతుల్లో నిప్పురవ్వలకి దాదాపు 46. మొత్తం 130. తమ్ముడి కత్తి 117. మంత్రం చెదిరిపోయే అవకాశం కూడా ఉంది కాబట్టి దాదాపు సరిసమానం. రోజుకి ఒకే పోరాటమైతే ఇప్పటికీ చెల్లెలిదే పైచేయి, 84కి 20. అందుకే ఇంకో నియమం: ఎక్కడపడితే అక్కడ పడుకుంటే శక్తి నిండదు, ఊరికి చేరాల్సిందే.

తర్వాతి ఆదివారం. గుహలో నలుగురు రాక్షసులు. చెల్లెలు మంత్రం మొదలుపెట్టింది. నిప్పు కురవడానికి ఇంకా ఒక వంతుంది. 'ఈలోగా నామీదికొస్తే?' అంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. 'సన్నదారి కదా అన్నయ్యా! అడ్డంగా నేను నిలబడతా. నన్ను దాటి ఎవడొస్తాడో చూస్తా!' రాక్షసుల దెబ్బలన్నీ వాడే కాచుకున్నాడు. వైద్యురాలు వెనకనుంచి మందు రాసింది. దొంగ పక్కదారి వెతికాడు. నిప్పు కురిసింది. గదిలో అరిచిన అరుపులకి వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఆ రాక్షసుల్ని చంపిందెవరు? నిప్పు చెల్లెలిది. ఆ నిప్పు కురవనిచ్చింది తమ్ముడు. 130, 117 అన్న అంకెలు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాయి. ఒకరికోసం ఒకరు నిలబడేలా చేసింది మాత్రం ఆ ఒక్క వంతు ఆలస్యం. ఇంటి పెద్ద అందరికీ ఒకే కంచం, ఒకే కొలత పెట్టలేడు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకో పని ఉండేలా చూడగలడు. ఆటలోనైనా అంతే.

సొంత మంత్రం రాసేముందు...

పుస్తకంలోని కొలత చూసుకోండి: 2014 నాటి సూత్రధారి పుస్తకం సొంత మంత్రాలకి కొలతలిచ్చింది. మూడో స్థాయి మంత్రం పలువురిని కొట్టేదైతే ఆరు పాచికలు చాలంది. విచిత్రమేమిటంటే, అదే స్థాయిలోని నిప్పుబంతికి ఎనిమిది! కాబట్టి కొత్త మంత్రాన్ని నిప్పుబంతితో పోల్చకండి, కొలతతో పోల్చండి.

ఎప్పుడూ అదేనా?: ప్రతిసారీ అదే మంత్రం వాడాలనిపిస్తుంటే దాని బలం ఎక్కువైనట్టే. ఎప్పుడూ వాడాలనిపించకపోతే తక్కువైనట్టే.

ఎవరి పని పోతోంది?: తాళాలు తీసే మంత్రం దొంగకి, గాయాలు మాన్పే మంత్రం వైద్యురాలికి పని లేకుండా చేస్తుందేమో చూడండి.

వెల ఇప్పుడే తెలియాలి: ఎప్పుడో కట్టే మూల్యం మూల్యం కాదు.

ముందే చెప్పండి: 'మూడు వారాలు ఆడి చూద్దాం, కుదరకపోతే మారుద్దాం' అని మొదటిరోజే అనుకుంటే మార్చేటప్పుడు కన్నీళ్లుండవు.

డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టొచ్చు: ఐదో కూర్పు మూల నియమాల పత్రాన్ని 2023లో అందరూ ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. పాచికలు, పెన్సిలు, నలుగురు మనుషులుంటే చాలు.

ఆట మధ్యలో ఎవరైనా 'నీళ్లు తాగొస్తా' అని లేచి తిరిగి రాకపోతే, వాళ్లని పిలిచేముందు ఒక్కసారి కాగితం తియ్యండి. లెక్క ఎక్కడో తప్పి ఉంటుంది.